ఇంటి చుట్టూ తంగేడు దడి

(హనుమకొండలో మే చివరి ఆదివారం ఇంటితోటలు పెంచుకునేవాళ్ళు కలుసుకున్నప్పుడు, పదవీ విరమణ చేసిన ఒక వృక్షశాస్త్రం అధ్యాపకురాలు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళు అడిగారని రికార్డింగ్ విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకు వినిపిస్తున్నదా? ఫ్యాన్ చప్పుడు ఎక్కువగానే ఉంది. అయినా ఈ ఎండల్లో ఫ్యాన్ బంద్ చేయమని అడిగే ధైర్యం నాకు లేదు. నేనే గొంతు పెంచుతాను.

ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను, చేతులెత్తండి. ఇంటి ముందో, ప్లాటు చుట్టూనో కోనోకార్పస్ పెట్టుకున్నవాళ్ళు ఎంతమంది? ఎత్తండమ్మా, ఎత్తండి, నేనేం ఫైన్ వెయ్యను. సగం మందికి పైనే ఉన్నారు. సరే, దించండి. పోయిన బతుకమ్మకు తంగేడు పూలు బజార్లో కొన్నవాళ్ళు ఎంతమంది? అందరూనా! అదీ సంగతి. ఇంటి చుట్టూ జాగా ఉంది, నీళ్ళు పోస్తున్నాం, మొక్కలు పెంచుతున్నాం. పండుగ వచ్చేసరికి తంగేడు మాత్రం కట్టకింత అని కొనుక్కొస్తున్నాం.

ఆ కట్టలు ఎక్కడివి? ధర్మసాగర్ వైపు, ఐనవోలు వైపు, హసన్‌పర్తి దాటాక గుట్టల పక్కన, చెల్కల గెట్ల మీద మొలిచిన తంగేడును తెల్లవారుజామున కోసుకొచ్చి అమ్ముతారు. ఆ చెల్కలేమో వెంచర్లు అవుతున్నాయి. జేసీబీ రాగానే ముందు పోయేది గెట్టు, గెట్టుతో పాటు తంగేడు. అక్కడ పీకేసిన మొక్కను ఇక్కడ మన ప్రహరీ పక్కన ఎందుకు పెట్టుకోకూడదు? ఈ రోజు నేను చెప్పేదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టే తిరుగుతుంది.

కోనోకార్పస్ గురించి రెండు మాటలు చెప్పి పక్కన పెట్టేస్తాను. ఎందుకు పెట్టుకున్నారంటే, తొందరగా పెరుగుతుంది, పచ్చగా ఉంటుంది, మేకలు పెద్దగా ముట్టవు. నిజమే. హరితహారం 2015లో మొదలైనప్పుడు రోడ్ల వెంట, డివైడర్ల మీద తెగ నాటారు. తర్వాత వద్దన్నారు. గుజరాత్ ప్రభుత్వం 2023లో నాటడం ఆపమని ఉత్తర్వులే ఇచ్చింది. వేర్లు డ్రైనేజీ పైపుల్లోకి పోతాయని, పుప్పొడి కొందరికి పడదని చెప్పే కారణాలు. మీరు ఇప్పటికే పెట్టుకుంటే రేపే గొడ్డలి పట్టుకోమని నేను చెప్పను. కొత్తగా పెట్టేవాళ్ళు మాత్రం ఒక్కసారి ఆలోచించండి. మన నేలలో, మన వానకు, మన ఎండకు తరతరాలుగా బతికిన మొక్క మన దగ్గర ఉండగా ఎక్కడో సముద్రపు ఒడ్డున పెరిగేదాన్ని తెచ్చుకోవడం దేనికి?

ఇక తంగేడు. 2014లో తెలంగాణ వచ్చిన ఏడాదే దీన్ని రాష్ట్ర పుష్పం చేశారు. పాలపిట్ట, జింక, జమ్మి, తంగేడు. నాలుగూ ఒకేసారి. అది మీకు తెలిసిందే. తెలియాల్సింది ఏమిటంటే, ఇది పొద. చెట్టు కాదు. వదిలేస్తే మనిషెత్తు, మంచి నేలలో అంతకన్నా ఎక్కువే పోతుంది. కత్తిరిస్తే నడుమెత్తు దగ్గర బుద్ధిగా ఆగుతుంది. ఏడాది పొడుగునా ఆకు ఉంటుంది. ఎండాకాలం అడవిలో టేకు మోడై నిలబడితే పక్కనే తంగేడు పచ్చగా కనబడుతుంది. మేలో కొంచెం ఆకు పలచబడుతుంది, అబద్ధం చెప్పను. మోడు మాత్రం కాదు. తల్లివేరు లోతుకు పోతుంది, అదే దాని బలం.

పాతకాలంలో దీన్ని వాడని ఇల్లు లేదు. తంగేడు పుల్లతో పళ్ళు తోముకున్నాం. ఆకు, కొమ్మ కొట్టుకొచ్చి పొలంలో పచ్చిరొట్టగా తొక్కించేవాళ్ళు. తోళ్ళు శుద్ధి చేసేవాళ్ళకు తంగేడు చెక్క లేకపోతే పని నడిచేది కాదు, ఆ బెరడులో టానిన్ అంత ఎక్కువ. షుగరుకు తంగేడు పూల కషాయం తాగమని వాట్సాప్‌లో వస్తుంది చూడండి, ఆ జోలికి నేను పోను. మీరు కూడా డాక్టర్ ఇచ్చిన మాత్ర మానేసి దాని జోలికి పోకండి. మనం మాట్లాడుకునేది దడి గురించి.

మొట్టమొదట, మీరు తెచ్చింది తంగేడేనా? నవ్వకండి. పసుపు పూలు పూసే ప్రతిదాన్నీ తంగేడని అంటగట్టేవాళ్ళు ఉన్నారు. కసివింద ఉంది, దాని గింజలు విషం. మెట్టతామర ఉంది. పార్కుల్లో పెట్టే విదేశీ రకాలున్నాయి. ఎలా గుర్తుపట్టాలి? నేనొక కొమ్మ తెచ్చాను, ఇది ముందు వరుస నుంచి వెనక్కి పంపించండి. పూలు చూడొద్దు, ఆకు చూడండి. ఆకు కాడ కొమ్మకు అతుక్కున్న చోట రెండు పక్కలా గుండ్రంగా, చెవి ఆకారంలో రెండు చిన్న పచ్చటి రేకులు కనిపిస్తాయి. చూశారా? అవి రాలిపోవు, ఆకు ఉన్నన్ని రోజులూ ఉంటాయి. ఇంకొంచెం దగ్గరగా పెట్టుకుని చూడండి, కళ్ళజోడు ఉన్నవాళ్ళు పెట్టుకోండి. చిట్టి ఆకులు జతలు జతలుగా ఉన్నాయి కదా, ఒక్కో జత మధ్యన సన్నటి పుల్లలా ఒక గ్రంథి నిలబడి ఉంటుంది. ఈ రెండూ ఉంటే అది తంగేడు. లేకపోతే అమ్మేవాడు ఏ పేరు చెప్పినా డబ్బులివ్వకండి.

ఇప్పుడు అసలు పని. చాలామంది నర్సరీకి పోయి కవర్ మొక్క తెచ్చి పెడతారు. నా సలహా, విత్తనం పెట్టండి. దడి ఎక్కడ కావాలో అక్కడే, నేలలోనే పెట్టండి. ఎందుకంటే దీని ప్రాణమంతా తల్లివేరులో ఉందని చెప్పాను కదా. కవర్లో నెలల తరబడి ఉన్న మొక్క వేరు అడుగుకు తగిలి చుట్టలు చుట్టుకుంటుంది. నాటాక అది నేరుగా కిందికి పోదు. మొదటి ఎండాకాలంలోనే తెలిసిపోతుంది, పక్కన విత్తిన మొక్క నిలబడితే ఇది వాలిపోతుంది. కవర్ మొక్కే దొరికిందా, చిన్నది తెచ్చుకోండి, జానెడు మించనిది. పెద్దది చూడ్డానికి బాగుంటుంది, బతకడానికి కాదు.

విత్తనాలు ఎక్కడివి? చలికాలం దాటేసరికి తంగేడు కాయలు ఎండి గోధుమరంగుకు వస్తాయి, కాగితంలా పలచగా ఉంటాయి, ఊపితే గలగలమంటాయి. అప్పుడు కోసి పెట్టుకోవాలి. ఈ ఏడాదికి మీరు కోసుకోలేదు కాబట్టి నేను కొన్ని తెచ్చాను, చివర్లో ఇస్తాను. కాయ విప్పితే కొన్ని గింజలకు గుండుసూది మొన అంత బెజ్జం ఉంటుంది. అది పురుగు తిని బయటికి వచ్చిన దారి. ఆ గింజ మొలవదు, పారేయండి.

మంచి గింజ కూడా అట్లాగే పెడితే తొందరగా మొలవదు. తొక్క చాలా గట్టిది. అడవిలో అది ఎండకు కాగి, వానకు నాని, ఒకటి ఈ ఏడు, ఒకటి వచ్చే ఏడు మొలుస్తుంది. మనకు దడి కావాలి, అన్నీ ఒకేసారి మొలవాలి. ఏం చేయాలి? గిన్నెలో నీళ్ళు మరిగించండి. దించండి. ఒక నిమిషం ఆగండి. అప్పుడు గింజల మీద పొయ్యండి. మళ్ళీ చెబుతున్నాను, నీళ్ళు దించాక పొయ్యాలి. గింజలను పొయ్యి మీద పెట్టొద్దు. రాత్రంతా ఆ నీళ్ళలోనే వదిలెయ్యండి. తెల్లారి చూస్తే కొన్ని ఉబ్బి మెత్తబడి ఉంటాయి, కొన్ని రాత్రి ఎట్లున్నాయో అట్లాగే ఉంటాయి. ఉబ్బినవి ఆ రోజే విత్తండి. ఉబ్బనివాటికి మళ్ళీ వేడినీళ్ళు పొయ్యండి. పది పదిహేను గింజలే ఉంటే ఇదంతా ఎందుకు, గరుకు కాగితం మీద ఒక పక్క రుద్ది, మామూలు నీళ్ళలో నానబెట్టినా చాలు.

విత్తడం ఎప్పుడు? మిరుగు ఎప్పుడు వస్తుందమ్మా? జూన్ 8 అటూ ఇటూ. మృగశిర కార్తె పడగానే తొందరపడొద్దు. మొదటి వానకు నేల పైపైన తడుస్తుంది, తర్వాత వారం రోజులు ఎండ కాస్తే మొలక మాడిపోతుంది. జానెడు లోతు తడిసే వాన పడనివ్వండి. గడ్డపారతో పొడిచి చూస్తే తెలుస్తుంది.

కాలువలా ఒక అడుగు వెడల్పు, ఒక అడుగు లోతు తవ్వండి. ఇల్లు కట్టినవాళ్ళకు తెలుసు, ప్రహరీ పక్కన మట్టి ఉండదు, సిమెంటు పెడ్డలు, ఇటుక ముక్కలు, కంకర ఉంటాయి. పెద్దవి ఏరెయ్యండి, చిన్న రాళ్ళుంటే ఫర్వాలేదు. రాళ్ళ గుట్ట మీద పెరిగే మొక్కకు కంకర లెక్క కాదు. గట్టిగా దిమ్మిస కొట్టినట్టున్న పొర ఉంటే మాత్రం పగలగొట్టాలి, లేకపోతే వేరు దిగదు. తీసిన మట్టిలోనే కాస్త చివికిన పశువుల పేడ కలిపి నింపండి. కాస్త అన్నాను. యూరియా అసలొద్దు. గోడకు కనీసం రెండడుగుల దూరం వదలండి, మీరు దాని వెనక్కి పోయి కత్తిరించాలి కదా.

రెండు వరుసలు వేస్తే దడి చిక్కగా వస్తుంది. వరుసకు వరుసకు అడుగు దూరం, మొక్కకు మొక్కకు అడుగున్నర. రెండో వరుస మొక్క మొదటి వరుస సందులోకి రావాలి, ఎదురెదురుగా కాదు. విత్తేటప్పుడు ఒక్కోచోట రెండు మూడు గింజలు, అర అంగుళం లోతు, అంతకు మించొద్దు. అన్నీ మొలిస్తే బలమైనది ఒకటి ఉంచి మిగతావి తీసెయ్యాలి. ఇక్కడే మనకు మనసొప్పదు. అయ్యో, మొలిచిన మొక్కను పీకుతామా అంటారు. పీకాలమ్మా. రెండూ ఉంచితే రెండూ సన్నగా పొడుగ్గా ఎదిగి, దడి కాస్తా కట్టెల మోపు అవుతుంది.

మన దగ్గర రెండు రకాల నేలలున్నాయి. ఎర్ర చెల్క, దుబ్బ నేల అయితే చెప్పినట్టే చేయండి. నల్లరేగడి అయితే, వానాకాలం నీళ్ళు నిలిచే చోటైతే, గుంట తవ్వడం కాదు, అడుగెత్తు కట్ట పోసి ఆ కట్ట మీద విత్తండి. తంగేడు ఎండను తట్టుకుంటుంది. వేర్ల దగ్గర నిలిచిన నీళ్ళను తట్టుకోదు.

ఇప్పుడు నీళ్ళ మాట. ఇదొక్కటి సరిగ్గా వినండి. నేను చూసిన తంగేళ్ళలో ఎండకు చచ్చినవాటికన్నా ప్రేమకు చచ్చినవే ఎక్కువ. పొద్దున్నే పైపు పట్టుకుని గులాబీకి పోసి, మల్లెకు పోసి, అదే చేత్తో దీనికీ పోస్తారు. రోజూ. ఏమవుతుంది? వేరు కిందికి ఎందుకు పోవాలి, పైనే నీళ్ళు దొరుకుతుంటే? మొక్క మెత్తగా, పొడుగ్గా పెరుగుతుంది, గాలికి ఒరుగుతుంది, మొదలు కుళ్ళుతుంది. మొదటి ఏడాది వానలు వెనక్కి పోయాక, అంటే అక్టోబరు నుంచి, పదిరోజులకొకసారి మొదలు బాగా తడిసేలా పొయ్యండి. మార్చి నుంచి మే దాకా వారానికొకసారి. రెండో ఏడు నుంచి బంద్. ఎండాకాలం మరీ ఆకు వాలిందనుకుంటే ఒకటి రెండు తడులు, అంతే. లాన్ పక్కన, స్ప్రింక్లర్ తగిలేచోట దీన్ని పెట్టనే పెట్టకండి.

మరి దడి ఎలా తయారవుతుంది? నీళ్ళతో కాదు, కత్తెరతో. మొదటి వానాకాలంలోనే మొక్క మోకాలెత్తు వస్తుంది. అప్పుడు జానెడు ఉంచి తల కొట్టెయ్యాలి. ఎవరికైనా చేతులొస్తాయా? రావు. మూడు నెలలు కాపాడిన మొక్క, ఇప్పుడిప్పుడే పచ్చగా లేస్తున్నది, దాన్ని కత్తిరించమంటారేంటి మేడమ్ అని నన్ను ఎంతమంది అడిగారో. కత్తిరించకపోతే ఏమవుతుందో చెబుతాను. అది ఒంటి కాండంతో నిలువునా పోతుంది. కొమ్మలు పైన వస్తాయి. మీరు రెండో ఏడు భుజాల ఎత్తున కత్తిరిస్తే పైన గొడుగులా చిక్కబడుతుంది, కింద ఖాళీ. ఆ ఖాళీలోంచి కుక్క దూరుతుంది, పక్కింటి కోళ్ళు దూరుతాయి. కింద ఒకసారి ఖాళీ అయ్యాక మళ్ళీ అక్కడ కొమ్మ తెప్పించడం కష్టం. అందుకే చిన్నప్పుడే కింద కొట్టాలి. జానెడు దగ్గర కొడితే అక్కడి నుంచి మూడు నాలుగు కొమ్మలు చీలతాయి. అవి నడుమెత్తు వచ్చాక మళ్ళీ మోకాలి దగ్గర కొట్టండి. రెండుసార్లు ఈ పని చేస్తే ఆ తర్వాత మీరు ఏడాదికొక్కసారి చూసుకుంటే చాలు.

కత్తిరించేటప్పుడు దడి కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉండాలి. మనవాళ్ళు చేసేది తిరగేసి. పైన వెడల్పు, కింద సన్నం. కింది ఆకుకు ఎండ తగలదు, రాలిపోతుంది. మళ్ళీ అదే ఖాళీ.

ఏడాదికొక్కసారి అన్నాను, ఎప్పుడు? బతుకమ్మను గుర్తుపెట్టుకుని లెక్కపెట్టండి. మొదటి రోజు ఎంగిలిపూల నాటికి పూలుండాలి, చివరి రోజు సద్దుల నాటికి విరగబూసి ఉండాలి. అంటే సెప్టెంబరు చివర, అక్టోబరు. పూలు కొత్త కొమ్మల చివర గుత్తులుగా వస్తాయి. ఆగస్టులో దడి ఎగుడుదిగుడుగా ఉందని కత్తెర పట్టుకుని చదును చేశారనుకోండి, ఆ ఏడాది పూలన్నీ మీ కాళ్ళ దగ్గర పడ్డట్టే. మొదటి గట్టి వానలు పడగానే, జూన్‌లో, మూడో వంతు తీసెయ్యండి. జూలై సగం దాటాక కత్తెర లోపల పెట్టి తాళం వెయ్యండి. ముఖ్యంగా ఇంటాయన చేతికి దొరక్కుండా. సార్లు నవ్వుతున్నారు, మీ ఇంట్లో జరిగిందే కదా!

దడి కాస్త ఎగుడుదిగుడుగానే ఉంటుంది ఆ మూడు నెలలు. ఉండనివ్వండి. కొలబద్ద పెట్టి గీసినట్టు ఉండాలనుకునేవాళ్ళకు ఈ మొక్క సరిపడదు, ముందే చెబుతున్నాను.

పండుగకు పూలు కొయ్యడం కూడా కత్తిరింపే. గుత్తికి గుత్తి తుంచుతాం కదా, అక్కడ కాయ కట్టదు. కాయ కట్టకపోతే మొక్క బలం కాయలకు పోదు, పక్క నుంచి మళ్ళీ చిగురు వస్తుంది. దడికి ఒక చివర రెండు మూడు మొక్కలు కొయ్యకుండా వదలండి, విత్తనాలకు.

పూసే రోజుల్లో పొద్దున ఏడెనిమిదింటికి దడి పక్కన నిలబడి చూడండి. నల్లటి పెద్ద తుమ్మెద వస్తుంది, కట్టెకు బెజ్జం పెడుతుంది చూడండి, అదే. తంగేడు పువ్వులో తేనె ఉండదు. దానికి కావలసింది పుప్పొడి. ఆ పుప్పొడి ఊరికే రాలదు, కేసరాల చివర సన్నటి రంధ్రాలుంటాయి, అందులోంచి రావాలి. తుమ్మెద పువ్వును పట్టుకుని వేలాడి రెక్కల కండరాలను గట్టిగా అదురిస్తుంది. జుయ్యిమనే చప్పుడు ఒక్కసారిగా మారుతుంది, సన్నబడుతుంది, వింటే తెలిసిపోతుంది. ఆ అదురుకు పుప్పొడి చిమ్మి దాని పొట్ట మీద పడుతుంది. పసుపు పూసుకున్నట్టు అయి ఇంకో పువ్వు మీదికి పోతుంది. నేను ముప్పై ఏళ్ళు క్లాసులో బోర్డు మీద బొమ్మ వేసి చెప్పిన పాఠం ఇది. పిల్లల్ని ఒక్కసారి దడి దగ్గర నిలబెడితే బొమ్మతో పని లేదు.

వానాకాలంలో ఆకుల మీద పచ్చటి గొంగళ్ళు కనిపిస్తాయి. వెంటనే మందు కొట్టకండి. అవి లేత పసుపు, తెలుపు సీతాకోకచిలుకల పిల్లలు. కొంత ఆకు తింటాయి, వెళ్ళిపోతాయి, తంగేడు మళ్ళీ చిగురిస్తుంది. మందు కొడితే తుమ్మెద కూడా పోతుంది.

ఇక ప్రశ్నలు అడగండి.

మేకలు రావా అంటున్నారు. తంగేడును మేకలు పెద్దగా తినవు. కానీ తినకపోవడం వేరు, దూరకపోవడం వేరు. దీనికి ముల్లు లేదు. బర్రె వచ్చి ఒళ్ళు రుద్దుకుంటే ఆపలేదు. ఊరి చివర ప్లాటు, పశువులు తిరిగే చోటు అయితే, బయటి వైపు ఒక వరుస వాక్కాయ పెట్టండి. మన అడవుల్లో కలివి పండ్లు తింటాం కదా, ఆ జాతిదే. జంట ముళ్ళు, ఏడాదంతా ఆకు, నీళ్ళు అక్కర్లేదు, పైగా పప్పులోకి కాయ. బయట వాక్కాయ, లోపల తంగేడు. కడీలు పాతి తీగ లాగినవాళ్ళు ఆ తీగనే ఉంచుకుని లోపల తంగేడు పెట్టుకోవచ్చు.

పాములు? ప్రతిచోటా అడుగుతారు ఇది. పాము తంగేడు కోసం రాదమ్మా, ఎలుక కోసం వస్తుంది. దడి కింద రాళ్ళు, కట్టెలు, పాత టైర్లు పోగేస్తే ఎలుకలు చేరతాయి. కింద ఊడ్చి పెట్టుకోండి. మొదట్లో కింద చిక్కగా పెంచమన్నాను, ఇప్పుడు ఊడవమంటున్నాను అని అనకండి, చీపురు పట్టేంత సందు ఉంటుంది.

మిద్దె మీద కుండీలో వస్తుందా? వస్తుంది, పూస్తుంది. పెద్ద డ్రమ్ము కావాలి. కానీ తల్లివేరుకు దారి లేదు కాబట్టి ఎండాకాలం నీళ్ళు పోస్తూనే ఉండాలి. నీళ్ళు పోస్తూ పెంచే తంగేడు నాకైతే నచ్చదు. జాగా లేనివాళ్ళు అపార్ట్‌మెంట్ ప్రహరీ పక్కన అడిగి పెట్టించండి.

ఎన్నేళ్ళు ఉంటుందని అడిగారు సార్. మర్రి కాదు, వేప కాదు. పొద. కొన్నేళ్ళకు కొన్ని మొదళ్ళు ముదిరి పోతాయి. ఆ సందులో వానాకాలం రెండు గింజలు పెట్టండి. మొత్తం ఒకేసారి తీసి కొత్తగా పెట్టాల్సిన పని లేదు.

విత్తనాలు వెనక బల్ల మీద పొట్లాల్లో ఉన్నాయి. ఇంటికొక్కటే తీసుకోండి, అందరికీ రావాలి. ఒక్కో పొట్లం రెండు వరుసల్లో ఓ ఇరవై అడుగుల దడికి సరిపోతుంది. అంతకన్నా పొడుగు ప్లాటు ఉన్నవాళ్ళు ఈ ఏడు ఒక పక్క పెట్టుకోండి, ఆ దడి కాయలతో తర్వాత మిగతా మూడు పక్కలా పెట్టుకోవచ్చు. వేడినీళ్ళ సంగతి పొట్లం మీద రాయలేదు, జాగా లేదు. పక్కవాళ్ళకు ఇస్తే నోటితో చెప్పి ఇవ్వండి.